మన్రో గంగాళం, పాళెగాడి పింఛను

మా అవ్వకు కోపమొస్తే నన్ను పాళెగాడు అనేది. తిన్న పళ్ళెం తీయకుండా లేచిపోతే చాలు, "చూడమ్మా, పాళెగాడు బయల్దేరినాడు" అని మా అమ్మకు చెప్పేది. ఆ మాటలో తిట్టు ఎంత, మురిపెం ఎంత అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

అదే అవ్వ ఒకసారి తిరుమలలో, కంపార్ట్‌మెంటు తలుపు ఎప్పుడు తీస్తారా అని కూర్చున్నప్పుడు, ఇంకో కథ చెప్పింది. ఒక దొర ఉండేవాడంట. కడుపు నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ఎవరో సామి పొంగలి తెచ్చి పెట్టినారంట. తిన్నాడు, తగ్గిపోయింది. అప్పట్నించి రోజూ ఒక గంగాళం నైవేద్యం ఆయన పేరు మీద జరగాలని ఏర్పాటు చేసినాడంట. ఆ గంగాళానికి మన్రో గంగాళం అని పేరు. ఈ కథ తిరుపతి చుట్టుపక్కల తెలియని ఇల్లుండదు. అనంతపురం, బళ్ళారి వైపు పిల్లలకు మన్రోలప్ప అని పేరు కూడా పెట్టుకున్నారు. ఇంగ్లీషు కలెక్టరు పేరుకు 'అప్ప' తగిలించి సొంత చేసుకోవడం మన దేశంలో ఎన్నిచోట్ల జరిగి ఉంటుంది?

2019లో 'సైరా' విడుదలైనప్పుడు బెంగళూరు మల్టీప్లెక్సులో చూశాను. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఉరికంబం ఎక్కుతుంటే నా చుట్టూ ఉన్న సీమ కుర్రాళ్ళంతా లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. ఇంటికొచ్చాక ఒక ప్రశ్న పట్టుకుంది. నరసింహారెడ్డి తాతగారి పాళెం ఊడబెరికింది ఎవరు? కంపెనీ ప్రభుత్వం. ఆ పని చేసిన కలెక్టరు? థామస్ మన్రో. మరి ఒకే నేల ఆ కలెక్టరు పేరు మీద గంగాళం ఎలా పెట్టుకుంది, పాళెగాడి కోసం ఎలా ఏడ్చింది?

ఆ ప్రశ్న వెనక పడి రెండు మూడేళ్ళుగా శని, ఆదివారాలు జిల్లా గెజిటీర్లు, మన్రో ఉత్తరాలు, కైఫియత్తులు చదువుతున్నాను. నేను చరిత్రకారుణ్ణి కాదు. సాఫ్ట్‌వేర్ పని చేస్తాను, ఊరు ఏర్పేడు. మా ఉద్యోగంలో ఆన్‌కాల్ అని ఒక శిక్ష ఉంటుంది. రాత్రి రెండు గంటలకు సర్వర్లు పడిపోతే ఫోను మోగుతుంది. అప్పుడు మూలకారణం ఏంటని ఎవరూ అడగరు, ముందు సిస్టమ్ నిలబెట్టమంటారు. దీనికి 'స్టెబిలైజ్' చెయ్యడం అని పేరు. యుద్ధంతో చితికిన దేశాల గురించి ఐక్యరాజ్యసమితి వాళ్ళు రాసే కాగితాల్లోనూ ఇదే మాట కనిపిస్తుంది. ఆయుధాలు దింపించు, ఆయుధం పట్టినవాడికి వేరే బతుకుతెరువు చూపించు, ఆగిపోయిన ప్రభుత్వాన్ని మళ్ళీ నడిపించు. మన్రో 1800 నుంచి 1807 వరకు రాయలసీమలో చేసింది సరిగ్గా ఇదే. అది ఎలా చేశాడు, దాని ఖర్చు ఎవరు కట్టారు అన్నదే ఈ వ్యాసం.

*

ముందు ఆ నేల ఏ స్థితిలో ఉందో చూడాలి. 1740లో చిత్తూరు దగ్గర దామలచెరువు కనుమలో మరాఠా సైన్యం ఆర్కాటు నవాబు దోస్త్ అలీని చంపేసింది. అక్కణ్ణించి అరవై ఏళ్ళు దక్షిణ సీమకు నిద్ర లేదు. మరాఠాలు, నవాబులు, ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, నిజాం, మైసూరు, ఎవరి దండు వాళ్ళది. 1780లో హైదర్ అలీ కర్ణాటకం మీద విరుచుకుపడ్డాడు. 1782 డిసెంబరులో ఆయన ప్రాణం పోయింది కూడా చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలోనే. ఆ యుద్ధం మొదలైన ఏడాదే గ్లాస్గో నుంచి మద్రాసులో దిగి, అందులో పోరాడిన కుర్ర సైనికుల్లో మన్రో ఒకడు. అప్పటికి పంతొమ్మిదేళ్ళు.

తరిగొండ వెంగమాంబ బతికిన కాలం కూడా ఇదే. 1730లో పుట్టి 1817లో పోయింది. తరిగొండకు గుర్రంకొండ కోట ఎంతో దూరం లేదు. ఆ కోట ఆమె కళ్ళముందే ఎన్ని చేతులు మారి ఉంటుందో. ఆమె కావ్యాల్లో నృసింహుడు, వెంకటేశ్వరుడు ఉంటారు. దండు తొక్కిన చేలు ఉండవు. ఆ చేల సంగతి తెలియాలంటే కవులను వదిలి కరణాల దగ్గరికి పోవాలి. కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ళ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫియత్తుల్లో అవి కనిపిస్తాయి. ఊరు ఎప్పుడు కట్టారు, ఎప్పుడు పాడయింది, మళ్ళీ ఎవరొచ్చి కాపురం పెట్టారు. కరణం ఏ భావం లేకుండా, చెరువు లోతు చెప్పినట్టు, ఊరు ఖాళీ అయిన సంగతి చెప్పుకుపోతాడు. కవిత్వం కంటే ఆ పొడి మాటలే నన్ను ఎక్కువ పట్టుకున్నాయి.

1792లో, మళ్ళీ 1799లో టిప్పు ఓడినప్పుడు అతని రాజ్యంలో నిజాంకు వాటా వచ్చింది. కంపెనీ సైన్యాన్ని హైదరాబాదులో పెట్టుకున్నందుకు నిజాం జీతాలు కట్టాలి. డబ్బుకు బదులు, 1800 అక్టోబరు 12 ఒప్పందంతో, ఆ వాటాను కంపెనీకి రాసిచ్చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత. దత్తమండలాలు అన్నది వీటినే. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనే పేరు సూచించేదాకా మన పేరు అదే, 'ఇచ్చేసిన జిల్లాలు'. మదనపల్లె, వాయల్పాడు ఆ లెక్కలో ఉండేవి. తిరుపతి, కాళహస్తి, మా ఏర్పేడు వైపు మాత్రం వేరే దారిలో వచ్చాయి. 1801లో ఆర్కాటు నవాబు తన రాజ్యం మొత్తం కంపెనీకి వదులుకున్నప్పుడు ఉత్తర ఆర్కాటు కింద చేరాయి. చిత్తూరు జిల్లా అంటూ ఒకటి ఏర్పడి ఈ రెండూ కలిసింది 1911లోనే. ఈ తేడా ముందుముందు పనికొస్తుంది.

*

నిజాం ఇచ్చింది కాగితం మీద రాజ్యం. నేల మీద ఉన్నది పాళెగాళ్ళు. దత్తమండలాల్లో సుమారు 80 మంది పాళెగాళ్ళు, వాళ్ళ కింద 30 వేల మంది దాకా ఆయుధం పట్టిన బంట్లు ఉన్నారని కంపెనీ లెక్క.

పాళెగాడు అంటే సినిమాలో చూపించినట్టు దేశభక్తుడూ కాదు, ఇంగ్లీషువాడు రాసినట్టు ఒట్టి దోపిడీదారూ కాదు. విజయనగర కాలంలో రాజుకు దండు ఇవ్వడానికి, దారులు కాయడానికి భూమి ఇచ్చి నిలబెట్టిన మనిషి. పైన రాజ్యం కూలిపోయినా కింద ఆయన ఉండిపోయాడు. ఊళ్ళ దగ్గర కావలి రుసుము తీసుకుంటాడు. ఇస్తే ఊరు కాస్తాడు. ఇవ్వకపోతే దోచేది కూడా ఆయన మనుషులే. దొంగా ఆయనే, కావలీ ఆయనే. అయినా పక్క పాళెగాడి నుంచి, జీతం రాని నిజాం సిపాయిల నుంచి ఊరిని కాసేవాడు ఇంకొకడు లేడు. రెడ్లు కూడా తమ ఊళ్ళ చుట్టూ గోడలు, బురుజులు కట్టుకుని చిన్న పాళెగాళ్ళ లాగే తయారయ్యారు. అనంతపురం, కర్నూలు పల్లెల్లో ఇప్పటికీ ఇళ్ళ మధ్య సగం కూలిన బురుజులు కనిపిస్తాయి. మనం వాటి ముందు సెల్ఫీ తీసుకుంటాం. అవి ఒకప్పుడు ఊరంతా రాత్రి నిద్రపోకుండా మేల్కొన్న గుర్తులు.

మన్రో బారామహల్‌లో ఏడేళ్ళు అలెగ్జాండర్ రీడ్ కింద పన్నుల పని నేర్చుకున్నాడు. తర్వాత కెనరాలో కొంతకాలం చేశాడు. దత్తమండలాలు తనే అడిగి తెచ్చుకున్నాడు. కింద నలుగురు సబ్ కలెక్టర్లు. సైన్యానికి జనరల్ డుగాల్డ్ క్యాంప్‌బెల్.

మొదటి పని ఆయుధం. ఇక్కడ మన్రో మంచివాడేమీ కాదు. పాళెగాళ్ళు కట్టాల్సిన పేష్కష్‌ను ఎక్కడా తగ్గించకుండా నిర్ణయించాడు. కట్టలేకపోయినవాణ్ణి, బంట్లను చెదరగొట్టమంటే వినని వాణ్ణి క్యాంప్‌బెల్ సైన్యం కోటలోంచి బయటికి లాగింది. పాళెగాళ్ళను తప్పించడమే తన ఉద్దేశమని ఉత్తరాల్లో మన్రో దాచుకోలేదు. కట్టలేరని తెలిసే అడిగాడు. ఈ పద్ధతి మరీ కఠినంగా ఉందని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. వ్యాపారం చేసుకునే కంపెనీ తన ఉద్యోగిని "ఇంత కఠినమా" అని అడిగిందంటే, నేల మీద పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. మన్రో వెనక్కి తగ్గలేదు. వీళ్ళ చేతిలో బంట్లు ఉన్నంతకాలం రైతు ఇద్దరికి పన్ను కడుతూనే ఉంటాడన్నది ఆయన వాదన.

దెబ్బ తిన్నది పాళెగాళ్ళొక్కరే కాదు. 1801 చివర్లో ఆదోని వైపు తెర్నేకల్లు అనే ఊరు పన్ను కట్టమని ఎదురు తిరిగింది. కంపెనీ సైన్యం ఊరికోట మీద పడింది. అక్కడున్నది పాళెగాడు కాదు, రైతులు. కర్నూలు జిల్లాలో ఆ ఊరు ఇవాళ్టికీ ఉంది. శాంతి స్థాపన గురించి ఎవరైనా మెత్తగా మాట్లాడుతుంటే నాకు ఆ ఊరు గుర్తొస్తుంది.

*

రెండేళ్ళలో పెద్ద ప్రతిఘటన ముగిసింది. కొందరు పాళెగాళ్ళు జైలుకు పోయారు, కొందరు పారిపోయారు, మిగిలినవాళ్ళకు పింఛనో, కొంత భూమో దక్కింది. కానీ అసలు చిక్కు వాళ్ళు కాదు. 30 వేల మంది బంట్లు. కత్తి తప్ప ఇంకో పని చేతకాని మనుషులు.

2003 మే 23న ఇరాక్‌లో అమెరికా అధికారులు ఒక ఆదేశంతో ఆ దేశ సైన్యం మొత్తాన్ని రద్దు చేశారు. లక్షల మంది ఒక్కరోజులో తుపాకీ వాడటం మాత్రమే తెలిసిన నిరుద్యోగులయ్యారు. తర్వాత జరిగిన నెత్తుటి అంతర్యుద్ధంలో ఆ ఆదేశం పాత్ర ఎంతో ఇవాళ ఎవరూ తేలిగ్గా తీసేయరు. రెండు వందల ఏళ్ళ ముందు మన సీమలో దీనికి వేరే జవాబు దొరికింది. దాని పేరు కట్టుబడి.

కట్టుబడి బంట్లు అంటే ఊరి కావలికి, దారి కావలికి, ఖజానా వెంట నడవడానికి కట్టుబడి ఉన్నవాళ్ళు. జీతం బదులు ఇనాం భూమి. దాని మీద పన్ను నామమాత్రం. నిన్న పాళెగాడి కోసం కత్తి పట్టినవాడు ఇవాళ సర్కారు కోసం దుడ్డుకర్ర పట్టుకుని అదే దారి కాస్తాడు. మన్రో దీన్ని కొత్తగా కనిపెట్టలేదు, పాళెగాళ్ళ కాలం నుంచే ఉంది. చెడగొట్టకుండా, యజమానిని మార్చి అలాగే నడిపించాడు. మా భాషలో చెప్పాలంటే పాత సిస్టమ్‌ను తీసి పారేయకుండా దాని కనెక్షన్ మాత్రం కొత్త సర్వరుకు మార్చాడు. ఇది తెలివైన పని. కానీ ఇలాంటి పనికి ఒక షరతు ఉంటుంది. ఆ కనెక్షన్ ఎందుకు పెట్టారో తర్వాత వచ్చేవాళ్ళకు గుర్తుండాలి.

*

మూడో పని లెక్క. 1802లో సర్వే మొదలైంది. భూమి కొలవడం తెలిసిన నలుగురైదుగురు గుమాస్తాలతో మొదలుపెట్టి, నేర్పుకుంటూ నేర్పుకుంటూ వందమంది దాకా పెంచారు. 33 అడుగుల గొలుసు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న ముక్కలు నలభై అయితే ఒక ఎకరా. హైదరాబాదు శివార్లలో ప్లాటు కొన్న మిత్రులకు ఇది తెలిసిన లెక్కే. ఒక గుంట అంటే 121 చదరపు గజాలు, అంటే 33 అడుగులు గుణించి 33 అడుగులు. నలభై గుంటలు ఎకరా. ఈఎమ్ఐ కట్టుకుంటూ మనం ఇప్పటికీ ఆ గొలుసుతోనే కొలుచుకుంటున్నాం.

కొలిచాక చేను చేనుకీ తరం కట్టడం. నల్లరేగడి ఎంత, ఎర్రనేల ఎంత, చెరువు కింద ఎంత. రెడ్డి, కరణం, రైతులు ముందుండగా తేల్చడం, అభ్యంతరాలు వినడం. ఆ ఏళ్ళలో మన్రో ఎక్కువకాలం గుడారంలోనే గడిపాడు. ఊరి నుంచి ఊరికి తిరుగుతూ, గుడారం ముందు చేరిన రైతులతో మాట్లాడుతూ పని చేశాడు.

ఆ సర్వే మంచిదా చెడ్డదా అనే ముందు 1800లో ఒక రైతు స్థానంలో కూర్చుని చూడండి. ఈ ఏడు ఎంత కట్టాలో తెలియదు. ఎవరికి కట్టాలో తెలియదు. అమీల్దారు వచ్చి వసూలు చేసుకుపోయాక పాళెగాడి మనుషులు వస్తారు, వాళ్ళు పోయాక పక్క పాళెం వాళ్ళు వస్తారు. ఇప్పుడు ఒక పట్టా కాగితం చేతికొచ్చింది. నీ పేరు, నీ చేను, నీ పన్ను. అది కట్టేస్తే మళ్ళీ కోతల దాకా ఎవడూ రాడు. పన్ను ఎక్కువే, కానీ అది ఒక అంకె. భయానికి అంకె ఉండదు. మన్రోలప్ప అనే పేరు ఈ తేడాలోంచి వచ్చిందని నాకు అనిపిస్తుంది. పొంగలి కథ దాని మీద తర్వాత పెరిగిన తీగ.

కానీ ఆ అంకె దగ్గరే అసలు కథ ఉంది. ఏడేళ్ళలో దత్తమండలాల భూమి శిస్తు సుమారు 4 లక్షల పౌండ్ల నుంచి 6 లక్షల పౌండ్లకు పెరిగింది. దాదాపు యాభై శాతం. కలెక్టరుకు ఇంతకంటే మంచి రిపోర్టు కార్డు ఏముంటుంది? 1807లో వెళ్ళిపోయే ముందు మన్రో ప్రభుత్వానికి ఒక నివేదిక రాశాడు. ఇది గొప్పగా ఉంది, కొనసాగించండి అని రాసి ఓడెక్కి ఉండొచ్చు. ఆయన రాసింది వేరు. మనం వేసిన పన్ను పంటలో 45 శాతం దాకా పోతోంది. మూడో వంతుకు మించితే రైతు నిలబడలేడు. కాబట్టి మొత్తం మీద 25 శాతం, తోట భూముల మీద 33 శాతం తగ్గించండి. అప్పుడే భూమికి విలువ వస్తుంది, రైతు తనంతట తానే సాగు పెంచుకుంటాడు.

నాకు ఈ మనిషి మీద గౌరవం కలిగింది ఇక్కడే. తను కట్టిన దాంట్లో లోపం ఉందని, తన పేరొచ్చిన ఆ అంకెలే లోపమని, పోతూ పోతూ సంతకం పెట్టి చెప్పాడు. మా వృత్తిలో ఇన్సిడెంట్ అయిపోయాక పోస్ట్‌మార్టమ్ రాస్తాం. నిజాయితీగా రాసేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రాసినా ఆ కాగితానికి ఏమవుతుందో మనందరికీ తెలుసు.

ఈ కాగితానికీ అదే అయింది. మద్రాసు ప్రభుత్వం పెరిగిన ఆదాయం ఉంచుకుని తగ్గింపును పక్కన పెట్టింది. పైగా రైతుతో నేరుగా లెక్క పెట్టుకోవడం తలనొప్పి అనుకుని, 1808 నుంచి ఊరు ఊరంతా గుత్తకు ఇచ్చే పద్ధతి పెట్టింది. ముందు మూడేళ్ళ గుత్త, తర్వాత పదేళ్ళ గుత్త. రేటు మాత్రం పాతదే. గుత్త తీసుకున్న రెడ్డి పంట పండకపోతే ఎక్కణ్ణించి తెస్తాడు? చాలామంది దివాలా తీశారు. 1820లో మన్రో గవర్నరుగా తిరిగొచ్చాక రైత్వారీ మళ్ళీ వచ్చింది, తగ్గింపు అమలైంది. సరైన జవాబు కాగితం మీద ఉండగా పదమూడేళ్ళు పోయాయి. ఆ పదమూడేళ్ళు ఎవరు కట్టారో గెజిటీరులో ఒక్క వాక్యం ఉంటుంది. కట్టినవాళ్ళకు అది సగం జీవితం.

1827 జులైలో, ఇంగ్లండు వెళ్ళిపోయే ముందు దత్తమండలాలను చివరిసారి చూసిపోదామని వచ్చి, పత్తికొండలో కలరా తగిలి మన్రో చనిపోయాడు. అంతకుముందు పాపాఘ్ని ఒడ్డున గండి దగ్గర ఆయనకు కొండల మధ్య బంగారు తోరణం కనిపించిందని, అది చావు దగ్గరపడిన పుణ్యాత్ములకే కనిపిస్తుందని కడప వైపు చెబుతారు.

*

ఇక మా వైపు సంగతి. ఏర్పేడు నుంచి తిరుపతి పోయే దారిలో కరకంబాడి వస్తుంది. ఇప్పుడు ఫ్యాక్టరీలకు పేరు, అప్పుడొక పాళెం. ఇటు కాళహస్తి, అటు వెంకటగిరి పెద్ద సంస్థానాలు. ఇక్కడ కంపెనీ పూర్తిగా వేరే మందు వాడింది. 1802లో కాళహస్తి, వెంకటగిరి, కార్వేటినగరం రాజులకు శాశ్వత సన్నదులు ఇచ్చింది. మీరు మాకు దండు ఇవ్వాల్సిన పని లేదు, దాని బదులు పేష్కష్ పెంచుతాం, కట్టండి, జమీ మీదే అంది. చిత్తూరు చుట్టుపక్కల చిన్న పాళెగాళ్ళకు ఈ బేరం కుదరలేదు. 1804 ప్రాంతంలో తిరగబడ్డారు, సైన్యం అణచింది. తర్వాత చాలా పాళేలను షరతుల మీద తిరిగి ఇచ్చారు. కరకంబాడి వాటిలో ఒకటి.

అంటే అక్కడ పాళెగాణ్ణి తీసేసి రైతుతో లెక్క పెట్టుకున్నారు. ఇక్కడ పెద్దవాణ్ణి జమీందారును చేసి రైతును ఆయనకు వదిలేశారు. కంపెనీ లెక్కలో రెండూ శాంతే. రైతు లెక్కలో మాత్రం చాలా తేడా. మా వైపు జమీలు పోయింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో. ఆ చట్టం పూర్తి పేరులోనే ఉంది, ఎస్టేట్లను రద్దు చేసి రైత్వారీగా మార్చే చట్టం అని. మన్రో గుడారంలో మొదలైన పట్టా కాగితం, మదనపల్లె దాటి మా తాత చేతికి రావడానికి నూటయాభై ఏళ్ళు పట్టింది. మా ఇంట్లో బీరువాలో ఆ పట్టా ఇంకా ఉంది, మడతల దగ్గర చిరిగి, వెనక గుడ్డముక్క అంటించి.

*

ఇప్పుడు నరసింహారెడ్డి దగ్గరికి వద్దాం. ఆయన తల్లి వైపు తాత నొస్సం పాళెగాడు. పాళెం పోయాక కుటుంబానికి పింఛను మిగిలింది. ఆ పెద్దాయన వారసుడు లేకుండా పోయాక పింఛను ఆగిపోయింది. అందులో తనకు వాటా రావాలని నరసింహారెడ్డి అడిగాడు, సర్కారు కాదంది. ఆయనకు తనవంతు వచ్చేది నెలకు 11 రూపాయల చిల్లర. "పింఛను కోసం తిరగబడ్డాడా?" అని పెదవి విరిచేవాళ్ళున్నారు. సినిమాలో కూడా ఈ పింఛను సంగతి గట్టిగా చెప్పలేదు, హీరోకు నప్పదనేమో. నాకైతే ఇదే కథకు ప్రాణం. ఆ 11 రూపాయలు దానం కాదు. నువ్వు కత్తి దించు, నిన్ను చూసుకుంటాం అన్న ఒప్పందానికి అది రశీదు.

ఆయన పిలిస్తే వేలమంది ఎందుకొచ్చారు? అందరికీ పింఛను బాకీ లేదు కదా. అప్పటికి సర్కారు ఇనాములు వెనక్కి తీసుకునే పనిలో ఉంది. కట్టుబడి బంటు చనిపోతే అతని ఇనాం సర్కారులో కలిపేయడం మొదలైంది. తాలూకా కచ్చేరీలో కూర్చున్న లెక్కల మనిషికి అవి దండగ ఖర్చులు. పోలీసు పనికి వేరే ఏర్పాటు ఉంది, వీళ్ళకు భూమెందుకు? ఆ భూమి ఎందుకిచ్చారో గుర్తున్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నలభై ఏళ్ళ కింద చేతిలో కత్తి ఉన్న మనిషిని ఊళ్ళో కలపడానికి కట్టిన వెల అది. వెల వెనక్కి తీసుకున్నారు, మనిషి కూడా వెనక్కి పోయాడు. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డ గుంపులో ఆ కట్టుబడి ఇళ్ళ కొడుకులు ఉన్నారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరి తీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీసి 1877 దాకా, ముప్పై ఏళ్ళు, దించలేదు.

ఆ తల అక్కడ ఉన్న ముప్పై ఏళ్ళూ తిరుమలలో గంగాళం నైవేద్యం కూడా సాగుతూనే ఉంది. రెండూ ఒకే కథలోవి అని నాకు అర్థమవడానికి చాలా రోజులు పట్టింది. జనం గంగాళం పెట్టుకున్నది ఒక మాట ఇచ్చి, లెక్క తప్పితే తప్పిందని ఒప్పుకున్న మనిషికి. ఏడ్చింది ఆ మాట మరిచిపోయిన సర్కారు చేతిలో పోయిన మనిషి కోసం. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. యుద్ధం ఆపినవాళ్ళ పేర్లు చరిత్ర పుస్తకాల్లో ఉంటాయి. ఆపడానికి ఎవరికి ఏం ఇస్తామన్నారో ఆ చిట్టా మాత్రం ఏదో తాలూకా కచ్చేరీలో చెదలు పడుతుంది. మూలకారణం చూద్దామని టికెట్ తెరిచి, సిస్టమ్ నడుస్తోంది కదా అని మూసేసిన ప్రతి ఇంజనీరుకూ ఈ కథ తెలుసు. మాకు పోయేది నిద్ర. అక్కడ పోయింది తలలు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా చేను దగ్గర కొత్త సర్వే రాయి పాతి ఉంది. ఈసారి గొలుసు లేదు, పైన డ్రోను, కింద రోవరు. కొత్త కొలతలో మాకు రెండు సెంట్లు తగ్గింది. మా నాయన బీరువాలోంచి తాత పట్టా తీసి, గుడ్డముక్క అంటించిన వైపు జాగ్రత్తగా పట్టుకుని, ఆఫీసుకు పోయొచ్చాడు. ఆన్‌లైన్‌లో ఉన్నదే లెక్క, పాత కాగితం చెల్లదన్నారట. నేను అభ్యంతరం ఎలా పెట్టాలో వెబ్‌సైటులో వెతుకుతున్నాను. నాయన మాత్రం పట్టా మళ్ళీ మడతపెట్టి, బీరువాలో చీరల కింద పెట్టి, తాళం వేశాడు.

"చెల్లదన్నారు కదా, మళ్ళీ తాళమెందుకు?" అన్నాను.

"రాసిచ్చినోళ్ళు మర్చిపోయినా, మన దగ్గర ఉండాల కదరా" అన్నాడు.